ఆగర్భ శ్రీమంతుడి సంతకం

నిఘంటువు ఆఫీసులో మెట్లెక్కగానే ఎడమ పక్క గది. కిటికీ కింద బల్ల, బల్ల వెనక కుర్చీ, కుర్చీలో దిండు, దిండు మీద చీటీల గుమాస్తా. ఇరవై రెండేళ్ళుగా ఈ వరస మారలేదు. దిండు మధ్యలో ఒక గుంట ఉంది. ఆ గుంటలో కూర్చుంటే గుమాస్తాకి ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ గుంట ఎవరు కూర్చుంటే పడిందో అతనెప్పుడూ ఆలోచించలేదు. హాయిగా ఉన్నవాడు ఆలోచించడం నేనైతే ఎక్కడా చూడలేదు.

గోడ పొడవునా సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. చీటీ అంటే అరచేయంత అట్టముక్క. పైన మాట ఉంటుంది, దాని కింద అర్థం, దాని కింద ఆ మాట పుట్టిన తీరు, అన్నిటికన్నా అడుగున ఒక సంతకం. మన గొడవంతా ఆ సంతకంతోనే.

ఆ ఆచారం ఊరికే రాలేదు. మొదటి కూర్పు అచ్చయినప్పుడు 'ఉలి' అన్న మాటకి 'చిన్న సుత్తి' అని పడింది. వారం తిరక్కుండా ఎనిమిది మంది వడ్రంగులు ఆఫీసుకొచ్చారు. వాళ్ళు పెద్దాయన బల్ల మీద ఉలి ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ వేసి, "ఏది ఏదో ఇప్పుడు తెలిసిందాండీ?" అని మర్యాదగా అడిగి వెళ్ళిపోయారు. పెద్దాయనంటే ఆఫీసుకి పెద్ద. బల్ల మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే రెండో కూర్పు మొదలుపెట్టిన రోజునే ఒక శాసనం చేశారు. ఏ మాటైనా సరే, అది ఎవరిదో వాళ్ళే చీటీ చదివి, ఔను ఇది మా సంగతేనని సంతకం పెట్టాలి. పెడితేనే పుస్తకంలోకి వస్తుంది. అర్థం పక్కన సాక్షి వృత్తిని చిన్న అక్షరాల్లో వేస్తారు, పేరు వెయ్యరు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు కనక, పుస్తకం కూర్చినవాళ్ళు సాక్షులుగా ఉండకూడదు. సాక్షిగా ఉన్నవాడి పేరు కూర్పరుల పేజీలో ఉండకూడదు.

ఉలికి వడ్రంగి పెట్టాడు, ఆకురాయికి కమ్మరి పెట్టాడు, ఇంతవరకూ బాగానే ఉంది. 'ఆవులింత'కి ఆఫీసు వాచ్‌మన్ పెట్టాడు. పెడుతూ పెడుతూ కునుకు తీస్తే సంతకం తోక చీటీ దాటి బల్ల మీదికి పాకింది. 'అబద్ధం' దగ్గర పెద్ద చిక్కే వచ్చింది. చివరికి ఒక ప్లీడరు "నా జన్మలో ఆడి ఎరగను" అని రాసి సంతకం చేశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని పెద్దాయన కళ్ళకద్దుకుని పుచ్చుకున్నారు. 'అలుక'కి గుమాస్తా తన భార్యని అడిగాడు. "అంటే నేను అలుగుతాననా మీ ఉద్దేశం?" అని ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పెట్టింది.

గుమాస్తా సొరుగులో 'అ' తో, 'ఆ' తో మొదలయ్యే మాటలు ఉంటాయి. మొత్తం ఎనిమిది వేల చీటీలు. సొరుగు పూర్తిచేసినవాళ్ళ పేరు పుస్తకం మొదటి పేజీలో కూర్పరిగా వేస్తారు. ఒక్క చీటీ తగ్గినా వెయ్యరు. మొదటి కూర్పు నాడు ఇదే బల్ల దగ్గర గుమాస్తా తండ్రి పనిచేశాడు. చివరి వారంలో ఒక చీటీని ఎలుక కొట్టేసింది, దాంతో ఆయన పేరు ఎగిరిపోయింది. ఆ బెంగతోనే పోయారని తల్లి ఈ రోజుకీ అంటుంది. నిజానికి ఆయన ఆ తరవాత పాతికేళ్ళు సుఖంగా బతికి కామెర్లతో పోయారు. ఏదైతేనేం, ఈసారి కొడుకు పేరు అచ్చులో చూసుకోవాలని ఆవిడ కొత్త కళ్ళద్దాలు చేయించుకుంది. పాడవుతాయని ఇంకా పెట్టుకోవడం మొదలుపెట్టలేదు, పెట్టెలోనే దాచింది. ఆ పెట్టె కనిపించినప్పుడల్లా గుమాస్తా మిగిలిన చీటీలు లెక్కపెట్టుకుంటాడు.

ఆ సోమవారం నాటికి మిగిలింది ఒకే ఒక్క చీటీ. శనివారం అచ్చాఫీసు వాళ్ళు వ్యాను వేసుకుని వస్తారు. చీటీ మీద మాట 'ఆగర్భ శ్రీమంతుడు'.

"'ఆ' అనేది ముందు చేరితే, అది మొదలుకొని అని అర్థమయ్యా," అన్నారు పెద్దాయన, చీటీని వెలుతురుకి పెట్టి చూస్తూ. "ఆజన్మ అంటే పుట్టుక మొదలు. ఆగర్భ అంటే ఇంకా వెనక్కి, కడుపులో పడ్డ క్షణం మొదలు. ఈ మాట కట్టినవాడెవడో గానీ గట్టివాడు. పుట్టుక మొదలు అన్నామనుకో, పుట్టేటప్పుడు ఏడ్చానండీ, కాళ్ళూ చేతులూ ఆడించానండీ, అది కష్టం కాదా అని ఆ శ్రీమంతుడు వాదిస్తాడు. వాడికి ఆ సందు కూడా ఇవ్వలేదు. కళ్ళు మూసుకుని కడుపులో పడుకున్నప్పుడే నీదంతా నీకు వచ్చేసిందిరా అబ్బాయ్ అన్నాడు."

"బాగుందండీ. మరి సంతకం ఎవరు పెట్టాలి?"

"ఎవరేమిటి, వాళ్ళే! ఒక ఆగర్భ శ్రీమంతుణ్ణి పట్టుకుని పెట్టించుకురా. ఊళ్ళో వాళ్ళకేం కరువా?"

గుమాస్తాకి నవ్వొచ్చింది. ఉలికి వడ్రంగిని వెతకడం కష్టం గానీ దీనికేం, మేడ కనిపించిన చోట ఆగడమే. చీటీ జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

మొదట బొత్తాల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. యజమాని గదిలో గాజు సీసాల నిండా రంగురంగుల బొత్తాలు. గోడకి తాతగారి ఫోటో, దాని పక్కన నాన్నగారి ఫోటో, దాని పక్కన ఖాళీ మేకు ఒకటి. మేకు కూడా ముందే కొట్టించి ఉంచారంటే ఇంతకన్నా తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడని గుమాస్తా సంబరపడ్డాడు. యజమానికి నలభై ఏళ్ళుంటాయి. చీటీ చదివి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు గబుక్కున భుజాలు సర్దుకున్నాడు.

"మీరు పొరబడ్డారండీ. నేను కిందనుంచి పైకొచ్చినవాణ్ణి."

"అలాగాండీ! ఎంత కిందనుంచి?"

"రెండో అంతస్తు నుంచి," అన్నాడు ఆయన, గొంతు గద్గదమైపోతుండగా. "మా నాన్నగారు చాలా కఠినం. అందరు తండ్రుల్లాగా నన్ను నేరుగా మూడో అంతస్తులో కూర్చోబెట్టలేదు. ఎనిమిది నెలలు రెండో అంతస్తులో ఉన్నాను. ఫ్యాను తిరిగినంతసేపూ కిర్రుకిర్రుమనేది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉందండీ."

కళ్ళు తుడుచుకుని, ఇంత దూరం వచ్చారు కదా అని గుప్పెడు బొత్తాలు చేతిలో పోసి పంపించాడు.

సినిమా హాళ్ళావిడ ఇంకా నయం, కుర్చీ వేయించి టీ ఇప్పించింది. చీటీ చదివాక మాత్రం టీ కప్పు వైపు అనవసరంగా ఇచ్చానే అన్నట్టు చూసింది. "మా నాన్న నాకిచ్చింది ఒక్క హాలండీ. ఒక్కటంటే ఒక్కటి. మా తమ్ముడికి రెండు. మీరు వెతుకుతున్న మనిషి వాడే, వెళ్ళండి." తమ్ముడి దగ్గరికి వెళితే, "ఆ రెండూ కలిపినా అక్క హాల్లో సగం ఉండవు. వానొస్తే రెండూ కారతాయి. నా బాల్కనీలో ఒక్కరోజు కూర్చోండి, కష్టమంటే ఏమిటో తెలుస్తుంది," అన్నాడు. ఇంకొకాయనకి ఊళ్ళో సగం వీధులు సొంతం. చిన్నతనంలో తమకి ఒకే ఒక్క కారు ఉండేదనీ, నలుగురు పిల్లలు కిటికీ పక్కన కూర్చోడానికి వంతులు వేసుకునేవాళ్ళమనీ చెప్పి, ఆ రోజులు పగవాడికి కూడా వద్దన్నాడు.

గురువారం సాయంత్రానికి గుమాస్తా కాళ్ళరిగేలా తిరిగాడు, సైకిలు టైరు కూడా అరిగింది. చీటీ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఊళ్ళో అందరూ నానా కష్టాలూ పడి పైకొచ్చినవాళ్ళే. ఇన్ని కష్టాలు పడ్డ జనం మధ్య తనొక్కడే ఎలా తిని పడుకుంటున్నాడో అతనికి అర్థం కాలేదు.

ఆఫీసు సందు మొదట్లో టైరు తుస్సుమంది. అక్కడే పంక్చర్ల బాబాయి కొట్టు. ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ ఆయన సంగతంతా విన్నాడు.

"ఆ సంతకమేదో నేను పెడతాను, ఇటివ్వండి."

"నువ్వా బాబాయ్? దానికి పుట్టుకతోనే ఆస్తి ఉండాలి."

"ఎందుకు లేదండీ? మా తాత పంపు మా నాన్నకి వచ్చింది, నాన్న పంపు నాకు వచ్చింది. నేను కడుపులో ఉన్నప్పుడే ఈ పంపు నాదని మా ఇంట్లో అనుకున్నారు. ఇంక సంపదంటారా, ఊళ్ళో వాళ్ళందరి గాలీ నా చేతిలోనే ఉంది."

ముందుకొచ్చి పెడతానన్న మొదటి మనిషి. గుమాస్తా ఆశగా పరుగెత్తుకెళ్ళి పెద్దాయనకి చెప్పాడు. పెద్దాయన గడ్డం గోక్కుని, "గర్భం కుదిరిందయ్యా. శ్రీ ఏది?" అన్నారు. ఆ మాట మోసుకొచ్చి చెబితే బాబాయి ముఖం చిన్నబోయింది.

"ఏదో ఒక్కసారి అచ్చులో అనిపించుకుందామనుకున్నాను లెండి," అని పంపు పక్కన పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో తల్లి ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది, భార్య దండెం మీదివి తీసి అందిస్తోంది. గుమాస్తా గది మధ్యలో నిలబడి బొత్తాలాయన్ని అనుకరిస్తున్నాడు. లేని ఫ్యాను వైపు చూసి "కిర్రు! కిర్రు!" అని కళ్ళు తుడుచుకుంటుంటే భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఊపులో అనకూడని మాట ఒకటి అనేశాడు.

"వీళ్ళా కష్టపడ్డవాళ్ళు! నిజంగా స్వయంకృషితో పైకొచ్చినవాణ్ణి నేను. ఏనాడైనా చెప్పుకున్నానా?"

"నువ్వు కష్టపడ్డావా?" అంది తల్లి, మడత ఆపి. వెటకారమేమీ లేదు. కొడుక్కి తనకి తెలియకుండా ఏం కష్టమొచ్చిందోనని ఆవిడ బెంగ. "ఎప్పుడురా?"

"అంటే... ఉద్యోగం అదీ..."

"ఉద్యోగానికి కష్టమేముంది నాన్నా! నువ్వు కడుపులో ఉండగానే ఆ ఆఫీసుకి వచ్చినవాడివి. అక్కడే కదా నేను చీటీలకి జిగురు పూసేదాన్ని. ఆ రోజు పదింటిదాకా పూశాను, నొప్పులొచ్చాయి, మధ్యాహ్నానికి నువ్వు పుట్టావు. మగపిల్లాడని చెప్పగానే మీ నాన్న తన కుర్చీని ఇలా తట్టి, 'ఇంక దీనికి బెంగ లేదు' అన్నారు."

"పరీక్ష రాశాను కదమ్మా!"

"రాయకేం, రాశావు. మీ ఆఫీసులో ఇప్పుడు టైపు కొడుతోందే, ఆ అమ్మాయి ఫస్టు వచ్చింది పాపం. మీ నాన్న వెళ్ళి పెద్దాయన్ని కలిశారు. ఆ పిల్లని ఆర్నెల్లు టైపు కొట్టమన్నారు, నిన్ను కుర్చీలో కూర్చోమన్నారు. దిండు కూడా మార్చక్కర్లేదన్నారు," అని ఆవిడ ఎంతో తృప్తిగా తువ్వాలు మడత పెట్టింది.

ఆ పరీక్షలో గుమాస్తాకి పదకొండో స్థానం. రాసినవాళ్ళు పన్నెండుమంది. ఈ సంగతి అతనికి తెలియక కాదు, ఇరవై రెండేళ్ళుగా గుర్తుపెట్టుకునే అవసరం రాలేదంతే. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. తనదాకా వచ్చినా కొందరికి తెలియదు, తల్లి చెప్పాలి. ఆఫీసుకి ఇరవై మెట్లున్నాయి. ఆ ఇరవై తప్ప తన జీవితంలో తనుగా ఎక్కిందేమిటా అని మంచం మీద కూర్చుని ఎంత ఆలోచించినా ఇంకో మెట్టు తట్టలేదు.

శనివారం పొద్దున్నే పెద్దాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊరంతా తిరిగానండీ. నేనే అన్నవాడు ఒక్కడూ లేడు."

పెద్దాయన ముఖం వికసించింది. "మరి ఇంకేం, చిక్కు తీరిపోయింది! మనిషే లేనప్పుడు మాటెందుకు? 'వాడుకలో లేదు' అని రాసి టైపుకిచ్చెయ్. తీసేసిన మాట లోటు కింద రాదు. నీ సొరుగు పూర్తయినట్టే. కూర్పరుల పేజీలో పేర్లకి ఏడు గీతలు కట్టించాను, ఏడోది నీదే."

అడక్కుండానే వరం దొరికింది. చెయ్యాల్సిందల్లా లోకంలో అలాంటి మనిషి లేడని ఒప్పుకోవడం. ఆ వారమంతా అందరూ ఒప్పుకున్నదే. గుమాస్తాకి కళ్ళద్దాల పెట్టె కళ్ళముందు మెదిలింది. చీటీ పట్టుకుని టైపిస్టు దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ గది మెట్ల వెనక ఉంది. గదంటే గది కాదు, గోడకీ బీరువాకీ మధ్య జాగా. ఆర్నెల్లకని ఇచ్చిన స్టూలు మీదే ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. స్టూలు గట్టిగా ఉంటుందని పాత పేపర్లు మడిచి వేసుకుంది. ఏడు సొరుగుల చీటీలూ ఆ మిషన్ మీదే పడ్డాయి.

"ఏం కొట్టమంటారండీ?"

"వాడుకలో లేదు అని."

ఆవిడ చీటీ ఎక్కించి, మాట చదివి, మీటల మీద వేళ్ళుంచి ఆగింది. "నిజంగా ఎవరూ దొరకలేదాండీ?" అని అడిగింది. పని కోసమే అడిగింది. పొరపాటు పడకూడదు కదా. గుమాస్తా ఆ పేపర్ల మడత వైపు చూశాడు. అతనికి సిగ్గేసింది. చెవులు ఎర్రబడేంత సిగ్గేసింది. పక్కింటివాళ్ళ వస్తువు మీద ఇన్నేళ్ళు కూర్చుని, ఇల్లంతా వెతికాను కనిపించలేదని వాళ్ళకే చెబుతున్నట్టు అనిపించింది.

"ఉండండి," అని చీటీ లాగి, మిషన్ మీదే పెట్టి సంతకం చేశాడు. వృత్తి అన్న చోట 'చీటీల గుమాస్తా' అని రాశాడు.

టైపిస్టు చీటీని మొదటి నుంచి చివరిదాకా చదివింది. "మీ చీటీల్లో తప్పులు ఇరవై రెండేళ్ళుగా దిద్దుతున్నానండీ," అంది. "దీంట్లో ఒక్కటీ లేదు." అని టకటకా కొట్టేసింది.

ఆ చీటీ చూడగానే పెద్దాయన వేసిన కేక కింద అంతస్తుకి వినిపించింది. "సాక్షి కూర్పరి కాకూడదని తెలుసుగా? పేరు పోతుందయ్యా! ఇంకోసారి ఆలోచించు!"

"ఇరవై రెండేళ్ళు ఆలోచించకుండా గడిచిందండీ. ఇంక ఇప్పుడెందుకు?"

"నీకేమయ్యా, నా గీత సంగతేమిటి? పేజీలో ఏడు గీతలు కట్టించాను, పేర్లు ఆరయ్యాయి. ఖాళీ గీతతో పుస్తకం వస్తే పళ్ళూడిన నోరులా ఉంటుంది!" కింద వ్యాను హారన్ మోగింది. పెద్దాయన చేతులు నలుపుకున్నారు. "ఇంకెవరున్నారయ్యా, త్వరగా చెప్పు!"

"టైపిస్టుగారున్నారండీ. సొరుగులన్నీ ఆవిడ చేతిమీదుగానే పోయాయి."

"ఆవిడది తాత్కాలికం కదా!"

"గీత శాశ్వతం కదండీ."

రెండోసారి హారన్ మోగింది. న్యాయం కోసమో ధర్మం కోసమో కాదు, గీత ఖాళీగా ఉండకూడదని పెద్దాయన ఏడో పేరు రాసేశారు.

మూడు నెలలకి పుస్తకం వచ్చింది. తల్లి పెట్టె తెరిచి, కళ్ళద్దాలు తుడిచి, మొదటిసారి పెట్టుకుంది. మొదటి పేజీలో ఏడు పేర్లూ వేలుతో కూడబలుక్కుంది. మళ్ళీ మొదలుపెట్టి ఇంకోసారి చదివింది. "నీ పేరేదిరా?" అంది. గొంతు చిన్నదైపోయింది.

గుమాస్తా పేజీలు తిప్పి 'ఆ' దగ్గర చూపించాడు. ఆవిడ వేలు నెమ్మదిగా కదిలింది. "ఆగర్భ... శ్రీమంతుడు. గర్భంలో ఉన్ననాటి నుంచే... కలిమి కలవాడు. సాక్షి... చీటీల గుమాస్తా." తలెత్తింది. "చీటీల గుమాస్తా అంటే నువ్వేగా?"

"నేనేనమ్మా."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "నా కొడుకుని శ్రీమంతుడని అచ్చేశారా!" అని పుస్తకం చంకలో పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ సాయంత్రానికి వీధి చివరిదాకా అందరూ ఆ పేజీ చూశారు.

మర్నాడు పొద్దున్న గుమాస్తా సైకిలు నడిపించుకుంటూ కొట్టు దగ్గర ఆగాడు. పంక్చర్ల బాబాయి అటు తిరిగి కూర్చున్నాడు, తల కూడా ఎత్తలేదు.

"ఏం బాబాయ్, కోపమా?"

"మీ అమ్మగారు చూపించారు పుస్తకం. నాకు శ్రీ లేదన్నారు, మరి మీకెక్కణ్ణించి వచ్చిందండీ? మీ సైకిలు నడిచేదీ నా గాలి మీదే. నాకు తెలీదనుకోకండి. ఆఫీసులో మీ నాన్న మనుషులున్నారు, తీసుకెళ్ళి మీకిచ్చుకున్నారు. ముందు అడిగినవాడికి ఇవ్వరు, అర్హత ఉన్నవాడికి ఇవ్వరు, లోపలివాళ్ళకే!"

గుమాస్తా సైకిలుకి స్టాండు వేశాడు. ఆ మాటకి ఇంత సరైన అర్థం ఎనిమిది వేల చీటీల్లో అతనికి తగల్లేదు.

"అదే కదా బాబాయ్ ఆ మాటకి అర్థం," అన్నాడు.

బాబాయి ఇటు తిరిగాడు. "మరి పుస్తకంలో అలా రాయలేదేం?" అని విసుక్కుంటూ, టైరుకి పంపు తగిలించి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.